నొక్కకుండా కదిలిన సూది

ఆ రోజు పొద్దున్న ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. బూడిద రంగు మబ్బు ఇళ్ళ కప్పుల దాకా దిగి అలాగే ఆగిపోయింది. గాలి లేదు. ఎదురు డాబా మీద ఆరేసిన దుప్పటి అంచు కూడా కదలడం లేదు. పనిగదిలో పట్టపగలే దీపం వేసుకోవలసి వచ్చింది.

ఆ దీపం కింద ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. ఒకామె ఆ ఇంటి కోడలు. రెండోది ఆ ఇంటి ఆడపిల్ల. ఆడపిల్లని అందరూ పిట్ట అంటారు. మనిషి చిన్నది, నోరు పెద్దది, అందుకని. కోడలు పిట్టకి వదిన. నిన్న సాయంత్రం నుంచి వదినా పిట్టా మాట్లాడుకోవడం లేదు.

మాట్లాడుకోకుండా ఇంకే పనైనా చెయ్యొచ్చు గాని, వాళ్ళు చేసే పని మాత్రం చెయ్యకూడదు.

వాళ్ళది ఎంబ్రాయిడరీ పని. ఆసుపత్రి కోట్ల జేబుల మీద డాక్టర్ల పేర్లు, బడిపిల్లల చొక్కాల మీద ముద్రలు కుట్టి ఇస్తారు. గదికి ఆ చివర మిషను, ఈ చివర దాన్ని నడిపే కంప్యూటరు. మిషను మీదుండే పచ్చ బొత్తం ఎప్పుడో అరిగి చచ్చింది. అప్పటి నుంచి మిషనుని కంప్యూటరు దగ్గరి నుంచే కదిలిస్తున్నారు. నడుమ దారం తెగితే మిషను దానంతటదే ఆగుతుంది. అప్పుడు వదిన సూది కిందికి వేళ్ళు పోనిచ్చి మళ్ళీ దారం ఎక్కిస్తుంది. నిజానికి కరెంటు ఆపి ఎక్కించాలి. ఆపితే కోటు బిగించిన చట్రం పోయి ఓ మూల కూర్చుంటుంది. దాన్ని తిరిగి వదిలిన చోటికి తెచ్చేసరికి సగం కుట్టిన పేరు వంకరపోతుంది, కోటు దండగ. అందుకని ఆపరు. దానికి బదులు ఒక మాట పెట్టుకున్నారు. దారం ఎక్కాక వదిన "చెయ్యి తీశా" అంటుంది. పిట్ట "తీశావా?" అని అడుగుతుంది. "తీశా" అన్న జవాబు చెవిన పడ్డాకే మౌసు నొక్కుతుంది. ఏళ్ళ తరబడి ఆ గదిలో వినిపించే పాట అదొక్కటే. పిట్ట వాళ్ళమ్మ అవతలి గదిలో కునుకు తీస్తున్నా, ఆ మాటలు ఆగాయంటే మెలకువ వచ్చేసేది.

ఆ పొద్దున్న ఆ మాటలు లేవు. వదిన చెయ్యి తీసి, కత్తెర పిడితో బల్ల మీద టక్కుమని కొడుతోంది. పిట్ట ఆ చప్పుడు విని నొక్కుతోంది. అలగడంలో ఇద్దరూ ఇద్దరే.

నిన్నటి తగువు గోరంత దానికి వచ్చింది. తెర మీద నీలం ఎంచవలసిన చోట పిట్ట నలుపు ఎంచింది. ఒక కోటు పాడైంది. వదిన చూపుడువేలు ఆడిస్తూ, "కళ్ళు నెత్తి మీదున్నాయా, ఫోన్లో ఉన్నాయా?" అంది.

"వేలు చూపించి మాట్లాడకు వదినా."

"చూపిస్తే? ఏం చేస్తావే?"

"ఆ వేలు తెగి పడిపోనూ!" అనేసింది పిట్ట.

పిట్ట వాళ్ళన్న గుమ్మంలోనే ఉన్నాడు. అమ్మ మంచం మీద ఉంది. పక్కింటావిడ మెట్లు ఎక్కుతూ ఆగి మరీ వింది.

ఇవాళ ఒక డాక్టరు పేరు సగంలో ఉండగా దారం తెగింది. మిషను ఆగింది. వదిన తల వంచింది. పిట్ట ఆ సందులో బ్రౌజరు తెరిచి, ఊరికే ఇచ్చే పూల డిజైన్ల పేజీ ఒకటి చూస్తోంది. కుడిచెయ్యి మౌసు మీదే ఉంది. వెనక టక్కు వినబడాలి. ఇంకా వినబడలేదు.

మిషను కదిలింది.

ముందు ఊపిరి లోపలికి లాగిన చప్పుడు. దాని వెనకాల కేక. పిట్ట తిరిగి చూసేసరికి వదిన చూపుడువేలు కోటు మీద కుట్టబడి ఉంది. సూది గోరులోంచి దిగి లోపల విరిగింది. విరిగిన మొండి మాత్రం ఆగకుండా పైకీ కిందికీ కొడుతూనే ఉంది. చట్రం అటూ ఇటూ జరిగినప్పుడల్లా వేలు కూడా దాంతో పాటు జరుగుతోంది. తెల్లటి కోటు మీద ఎరుపు పాకింది.

పిట్ట కుర్చీలోనే ఉండిపోయింది. అన్న గడ్డం గీసుకుంటున్నవాడు సగం మొహం నురగతో పరుగెత్తుకొచ్చి, గోడకున్న మిషను తీగని పీకేశాడు. మిషను ఆగింది.

"ఎవరు నొక్కారు?" అన్నాడు.

ఆ గదిలో నొక్కే మనిషి ఒక్కతే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"నేను కాదు," అంది పిట్ట.

వదిన నొప్పితో కళ్ళు తేలేస్తూనే పిట్టని చూసింది. ఆ చూపులో కోపం లేదు. నమ్మలేకపోవడం ఉంది. "అన్నంత పనీ చేశావే," అంది.

అన్న ఆమె చేతికి తువ్వాలు చుట్టి కిందికి నడిపించుకుపోయాడు. బండి వీధి మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. చెంప మీద నురగ అలాగే ఉందని ఎవరూ చెప్పలేదు, అతనికీ తోచలేదు.

ఇంట్లో తల్లీ కూతుళ్ళు మిగిలారు. అమ్మ తడిగుడ్డ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని గచ్చు తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ అడిగింది.

"నొక్కావా?"

"లేదమ్మా."

"నొక్కకుండా ఎలా కదుల్తుందే?"

"తెలీదు."

"మీ వదిన కత్తెర చప్పుడు అనుకుని, వేరే ఏదో చప్పుడుకి నొక్కేశావేమో. పొద్దున్నుంచీ వీధిలో ఎవడో మేకులు కొడుతున్నాడు."

పిట్ట తన కుడిచేతి వేళ్ళకేసి చూసుకుంది. నిజంగానే వీధిలో ఎవరో మేకులు కొడుతున్నారు. టక్, టక్. ఆ క్షణంలో కూడా కొట్టారా? తన వేలు తనకి తెలియకుండా వంగిందా? ఇంతకాలం ఆ వేలు ఆ పనే చేసింది. చప్పుడు వినడం, నొక్కడం. అలవాటైన వేలు అడిగి చేస్తుందా? ఒట్టు వెయ్యమంటే తను వెయ్యగలదా? నొక్కలేదని గట్టిగా అనుకున్న కొద్దీ నొక్కినట్టే గుర్తుకు రావడం మొదలైంది.

"పొరపాటని చెప్పెయ్," అంది అమ్మ మెల్లగా. "పొరపాటంటే తిట్టి ఊరుకుంటారు. నొక్కనే లేదంటే బుకాయిస్తున్నావనుకుంటారు. కావాలని చేసినవాళ్ళే అలా అంటారని మీ వదిన అంటుంది. చూస్తూండు."

"చెయ్యని పని చేశానని ఎలా చెప్పనమ్మా?"

"చేశావో లేదో నీకే తెలియట్లేదుగా."

ఆ మాట సూది కన్నా లోతుగా దిగింది.

పిట్ట లేచి మిషను దగ్గరికి పోయింది. చట్రంలో కోటు అలాగే బిగించి ఉంది. రక్తం పక్కన కుట్టు కనబడింది. పేరులో దారం తెగిన చోట తరవాత రావలసింది ఒక గుండ్రటి వంపు. గుడ్డ మీద వంపు లేదు. అడ్డంగా గీత, దాని మీద గీత, మళ్ళీ గీత. పసిపిల్లలు పలక మీద బరికినట్టు. అలాంటి డిజైను వాళ్ళింట్లో లేదు.

"అమ్మా, ఇలా చూడు. ఇది పేరు కాదు. నేను నొక్కి ఉంటే పేరే కుట్టాలిగా?"

అమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "వేలు అడ్డం పడి పిచ్చిపిచ్చిగా కుట్టింది. ఆ రక్తపు గుడ్డ తీసుకెళ్ళి చూపిస్తావా మీ వదినకి? ఇంకా మండిపోతుంది."

మధ్యాహ్నానికి వాళ్ళు తిరిగొచ్చారు. వదిన కుడిచెయ్యి మణికట్టు దాకా తెల్లటి కట్టుతో ఉంది. సూదిముక్క తీశారుట. ఎముకకి తగిలిందిట. ఆ వేలు మునుపటిలా వంగుతుందో లేదో కట్టు విప్పితే గాని చెప్పలేమన్నారుట. దారం ఎక్కించే వేలు అది. నురగ ఎండి పొడిగా రాలుతున్న చెంపతో అన్న ఆ మాటలన్నీ చెప్పాడు.

వదిన కుర్చీలో కూర్చుని గోడతో చెబుతున్నట్టు అంది. "ఈ పిట్ట ఇంట్లో ఉంటే నేనుండను."

"వదినా, నేను నొక్కలేదు."

"అయితే నేనే నొక్కుకున్నానా? ఇంత చెయ్యి చాపి, అక్కణ్ణుంచి ఇక్కడికి?"

"నొక్కలేదంటే నొక్కలేదు."

"నిన్న తెగి పడిపోనూ అన్నది ఎవరే? నేనా? మీ అన్న వినలేదా? అత్తయ్యా, మీరు వినలేదా? పక్కింటావిడ ఆసుపత్రి గుమ్మంలోనే ఎదురై, అయ్యో అన్నట్టే అయిందే అంది."

పిట్టకి, కోపంలో అనేసిన మాటని తనే తిరిగి నోట్లో వేసుకుని నమలవలసి వచ్చినట్టుంది.

"పొరపాటున తగిలిందేమో అడుగు," అంది అమ్మ కొడుకుతో, ఓ కంట కూతుర్ని చూస్తూ.

అన్న ఆశగా చూశాడు. "పొరపాటేనా? అలా అయితే చెప్పవే పిట్టా. అంతటితో అయిపోతుంది."

తలాడిస్తే చాలు. అది అందరికీ తేలిక. పిట్ట తలాడించబోయింది కూడా. మెడ సగం వంగి ఆగిపోయింది. "కాదు," అంది.

అన్న నిట్టూర్చాడు. "సాయంత్రం బస్సుకి పిన్ని వాళ్ళింటికి పో. కొన్నాళ్ళు అక్కడుండు."

కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో ఆ ఇంట్లో అందరికీ అర్థమైంది. చేతిలో ఉన్న పని పోతుంది, ఇల్లు పోతుంది. వదిన వేలు కుట్టిన పిల్ల అనే పేరు మాత్రం వెంట వస్తుంది.

సరిగ్గా అప్పుడు మెకానిక్కు మెట్లెక్కి వచ్చాడు. ఆసుపత్రి నుంచి అన్నే ఫోను చేశాడు. కోట్లు ఇచ్చే గడువు దగ్గరపడింది, మిషను తల పగిలిందేమో చూడాలి. మెకానిక్కు లావుపాటి మనిషి. నేల మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. నోరు మాత్రం తేలిక.

"ఏమ్మా, మిషనుకి ఆకలేసిందా? చెయ్యి కొరికిందట?" అని నవ్వబోయి, వదిన మొహం చూసి మింగేశాడు.

విరిగిన మొండి తీసేశాడు. వేరే సూది పెట్టలేదు. "ఉత్తి తల ఆడించి చూద్దాం. అందరూ దూరంగా ఉండండి," అన్నాడు. పిట్ట కంప్యూటరు దగ్గరికి పోబోయింది.

"నువ్వు ముట్టుకోకు," అంది వదిన.

పిట్ట వెనక్కి వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకుంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. కుర్చీ ఖాళీగా ఉంది. మౌసు ఒంటరిగా బల్ల మీద ఉంది. తెర మీద పొద్దున్నటి పూల పేజీ అలాగే తెరిచి ఉంది. అన్న తీగ గోడలో పెట్టాడు. మిషను ఓసారి ఒళ్ళు విరుచుకుని నిశ్శబ్దంగా నిలబడింది. మెకానిక్కు కింద కూర్చుని నూనెబుడ్డి మూత తిప్పుతూ, "ఇప్పుడు ఎవరో ఒకరు నొక్కాలి గాని, దయ్యం వచ్చి నొక్కదుగా. నేను మిషన్ల డాక్టర్ని, భూతవైద్యుణ్ణి..." అంటున్నాడు.

మిషను కదిలింది.

నూనెబుడ్డి కింద పడింది. సూది లేని తల పైకీ కిందికీ కొడుతోంది. చట్రం అడ్డంగా జరుగుతోంది, ఆగుతోంది, వెనక్కి వస్తోంది. అడ్డంగా, మళ్ళీ అడ్డంగా. కుర్చీలో ఎవరూ లేరు. మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు.

ఎవరూ కదల్లేదు. వదిన కట్టు కట్టిన చేతిని గుండెలకి హత్తుకుని ఖాళీ కుర్చీకేసి చూస్తోంది. అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. పిట్టకి మాత్రం ముందుగా ఏడుపు వచ్చింది. తర్వాత భయం వేసింది. తను కాదని తేలిన క్షణమే, మరి ఎవరన్న మాట పుట్టింది.

ముందు తేరుకున్నది మెకానిక్కు. తీగ పీకాడు. ఎవరి సాయమూ లేకుండానే లేచి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మాటల్లో ఇందాకటి సరదా లేదు.

"ఈ పేజీ ఎవరు తెరిచారు?"

"నేనే. పొద్దున్న," అంది పిట్ట.

"బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాము, మిషనుకి నేరుగా డిజైన్లు పంపే ప్లగిన్, ఉందిగా ఇందులో?"

"నేనే పెట్టించాను," అన్నాడు అన్న.

మెకానిక్కు నుదురు రుద్దుకున్నాడు. "ఆ ప్లగిన్ గుమ్మం దగ్గర కాపలావాడు లాంటిదనుకోండి. తెలిసిన సైటు వస్తే తలుపు తియ్యాలి, తెలియనిది వస్తే ఆపాలి. ఈ కాపలావాడు మొహం చూడ్డం మానేశాడు. ఎవడు తట్టినా రండి బాబూ రండి అంటున్నాడు. బ్రౌజర్లో ఏ పేజీ తెరిచి ఉన్నా, దాని వెనకాల ఉన్నవాడు మీ మిషనుతో మాట్లాడొచ్చు. కుట్టమంటే కుడుతుంది."

"మనల్ని అడగదా?" అంది అమ్మ.

"ఇదివరకు అడిగేదిగా, అనుమతించాలా అని," అంది పిట్ట.

అన్న తల వంచుకున్నాడు. "ప్రతిసారీ అడిగి ప్రాణం తీస్తోందని, ఇక అడగొద్దని నేనే టిక్కు పెట్టేశాను."

"మీరు పెట్టకపోయినా ఇది ఆగేది కాదండీ. లోపం దాని కడుపులోనే ఉంది. కంపెనీవాళ్ళు నిన్ననే కనిపెట్టి, మిషను కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశారు, వెంటనే తీసెయ్యమని. మీకు రాలేదా?"

"వచ్చింది," అన్నాడు అన్న. "తెలియని నంబరని ఎత్తలేదు."

వదిన తన చేతి కట్టుకేసి చూసుకుంది. అతను కుంచించుకుపోయాడు.

మెకానిక్కు ప్లగిన్ తీసెయ్యబోతూ ఆగాడు. తెర పైఅంచున చిన్న నీలం చుక్క వెలుగుతోంది. దానికేసి వేలు చూపించాడు.

"ఈ దీపం ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

"అది కరెంటు ఉందని చెప్పే దీపం కాదూ?" అంది అమ్మ. "ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. రాత్రి లేచినప్పుడు నేను దాన్ని చూసుకునే దారి పోల్చుకుంటాను."

"కాదమ్మా. అది కెమెరా దీపం. కెమెరా చూస్తున్నప్పుడే వెలుగుతుంది."

ఆ కెమెరా వాళ్ళు వాడినదే. కాగితం మీద బొమ్మ గీసి దానికి చూపిస్తే, అదే ప్లగిన్ ఆ బొమ్మని కుట్టుగా మార్చేది. బొమ్మ చూపించాక అది కన్ను మూసుకుంటుందనుకున్నారు. ఎప్పట్నుంచి మూయలేదో ఎవరికీ గుర్తులేదు. ఎండాకాలంలో వెలిగిందా? వెలిగింది. అమ్మకి జ్వరం వచ్చినప్పుడు? అప్పుడూ వెలిగింది.

పిట్ట కెమెరా ముందు నిలబడి, అది చూసే వైపుకి తనూ చూసింది. ఎదురుగా మిషను. దీపం వెలుగులో సూది ఉండే చోటు స్పష్టంగా కనబడుతోంది.

"వదిన చెయ్యి సూది కింద ఉన్నప్పుడు..." అంది. "వాడికి కనబడే ఉంటుందా? చూస్తూనే నొక్కాడా?"

మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు. "కనబడి ఉండొచ్చు. లేకపోవచ్చు. ఆకతాయి ఎవడో ఏదో నొక్కి ఉండొచ్చు, ఇక్కడో మిషను ఉందని కూడా తెలియకుండా. అసలు అవతల మనిషే ఉండకపోవచ్చు. నేను చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరేమో."

అతను చెయ్యవలసినవి చేసి, తీగలన్నీ ఊడదీసి పోయాడు. కూలి మాట ఎత్తలేదు. మెట్లు దిగేటప్పుడు చప్పుడు చెయ్యకుండా దిగాడు.

వదిన కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది. భర్తకేసి చూడలేదు, అత్తకేసి చూడలేదు.

"లోపల గడియ ఉన్నది ఈ గదికొక్కదానికే," అంది పిట్టతో. "నేను బట్టలు ఇక్కడే మార్చుకుంటాను."

"నేనూ ఇక్కడేగా వదినా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిట్ట ఒక కోటు ముక్క తీసి కెమెరా మీద కప్పింది. కప్పాక కూడా దాని ఎదురుగా నిలబడలేక పక్కకి జరిగింది.

"మరి బస్సు..." అని నసిగాడు అన్న.

"ఏ బస్సు?" అంది వదిన. "నోరు మూసుకుని ముందు ఆ మొహం కడుక్కో."

క్షమించమని వదిన అడగలేదు. పిట్ట ఎదురుచూడనూ లేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరినీ అడిగిన గుర్తు లేదు. తను అనుమానించిన చేతికేసి వదిన కొంచెంసేపు చూసి, లేవడానికి ఎడమచెయ్యి చాపింది. పిట్ట పట్టుకుని లేపింది.

పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తినలేదు. అమ్మ వంటగదిలో నలుగురికీ కంచాలు పెట్టి, పనిగది వైపు తలుపు దగ్గరగా వేసి, బయటి గొళ్ళెం పెట్టింది. నలుగురూ బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్నారు. వదిన ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. మెతుకులు ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ పడ్డాయి. పిట్ట ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని, ఆమె చేతిలోంచి చెంచా తీసుకుంది. వదిన నోరు తెరిచింది.

అన్న ఏదో అనబోయాడు. పెదవి కదిలింది. అవతల ఎవరో వింటున్నారేమోనన్నట్టు మూసిన తలుపుకేసి చూసి, ఆ మాటని ముద్దతో పాటే మింగేశాడు. ఇంట్లో ఉన్న తీగలన్నీ ఊడదీసే ఉన్నాయి. అయినా ఎవరూ మాట్లాడలేదు. కంచానికి చెంచా తగిలిన చప్పుడు కూడా రాకుండా నలుగురూ మెల్లగా తిన్నారు.